బాపు చేతికర్ర... సూర్యుడి చప్పుడు

ఏటా రెండుసార్లు మా ఇంట్లో ఓ చిన్న గొడవ తప్పదు. మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి వారంలో ఒకసారి. మిట్టమధ్యాహ్నం అమ్మ సీరియల్ చూస్తుంటుంది. ఉన్నట్టుండి బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోయి తెర నల్లబడుతుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. కరెంటు ఉంటుంది. రీచార్జి ఉంటుంది. బొమ్మ మాత్రం ఉండదు.

"డిష్ ఖరాబైనట్టుంది కొడుకా, జర మీదికెక్కి చూడరాదు" అంటుంది అమ్మ.

నేను మెట్లెక్కి చూసేలోపే బొమ్మ దానంతట అదే తిరిగొస్తుంది. మర్నాడు దాదాపు అదే టైముకు మళ్లీ పోతుంది. కొన్ని రోజులు ఇదే తంతు. తర్వాత ఆర్నెల్ల దాకా మళ్లీ ఆ ఊసుండదు.

డిష్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది జరిగేదే. తప్పు డిష్‌ది కాదు, దాన్ని బిగించిన కుర్రాడిదీ కాదు. సూర్యుడిది. ఆ కొద్ది రోజులు, ఆ కొద్ది నిమిషాలు సూర్యుడు సరిగ్గా మన ఉపగ్రహం వెనకాలకు వచ్చి నిలబడతాడు. మన డిష్ పట్టుకునే మైక్రోవేవ్ తరంగాల్లాంటివే ఆయనా వెదజల్లుతుంటాడు. ఉపగ్రహం సన్నటి గొంతుతో పంపే బొమ్మ ఆ హోరులో కలిసిపోతుంది. జాతరలో మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టన్నమాట.

అంటే మన ఇంటి మీది డిష్ కూడా ఓ బుల్లి రేడియో టెలిస్కోపే! సూర్యుడి గొంతు దానికి వినిపిస్తోంది. మామూలు రోజుల్లో ఆ గొంతు ఒకే తీరు హోరు. కానీ సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగినప్పుడు ఆ హోరు ఒక్కసారిగా పెరుగుతుంది. పెరిగి, కొన్నిసార్లు ఓ లయ పట్టుకుంటుంది. పెరుగుతూ తగ్గుతూ, పెరుగుతూ తగ్గుతూ... గడియారం పెట్టుకుని లెక్కించగలిగినంత వరసగా. ఈ వారం ఆ లయ సంగతి చెప్పుకుందాం. అది సులువుగా అర్థం కావాలంటే ముందు మా బాపు దగ్గరికి పోవాలి.

కప్పు మీద కర్ర

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే, పనివాళ్లు కాలు పెట్టేముందు ఆ చోటు భద్రమో కాదో చూసి చెప్పాల్సిన మనిషి. నెత్తిన క్యాప్ ల్యాంపు, చేతిలో పొడుగాటి కర్ర. బొగ్గు పేల్చాక అందరికంటే ముందు లోపలికి పోయి, ఆ కర్రతో కప్పు మీద కొట్టి వినేవాడు. కప్పంటే ఇంటి కప్పు కాదు, తలమీది బండ. బండ గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. పైపొర విడిపోయి లోపల సందు ఏర్పడితే చప్పుడు బొద్దుగా, డొల్లగా వస్తుంది. కప్పు అందేంత ఎత్తులో ఉంటే ఒక చేత్తో కొడుతూ రెండో అరచేయి బండకు ఆనించి, అదురు తెలుస్తోందేమో చూసేవాడు.

బండ లోపలికి కన్ను పోదు, చెయ్యి పోదు. ఆ బండ అదిరే తీరొక్కటే దాని గుట్టు బయటపెడుతుంది. సంతలో కుండ కొనే అమ్మలు వేళ్లతో కొట్టి చూసేదీ అందుకే. డప్పు కళాకారుడు మంట దగ్గర డప్పు కాచి మళ్లీ మళ్లీ కొట్టి వినేదీ అందుకే. తోలు ఎంత బిగిసిందో మోతే చెబుతుంది.

"ఒక్క దెబ్బకు నమ్మద్దు బిడ్డా" అనేవాడు బాపు. "ఇటు కొట్టి, అటు కొట్టి, మల్ల ఆడ్నే కొట్టి ఇనాలె. రాయి అబద్ధమాడదు. మన చెవే తొందరపడ్తది."

ఒక రాత్రి షిఫ్టులో చప్పుడు తేడాగా ఉందని మనుషుల్ని వెనక్కి పిలిచాడట. గంట గడిచింది, ఏమీ కాలేదు. పని ఆగిందని అందరూ సణిగారు. తెల్లారకముందే ఆ కప్పు కూలింది. కింద ఒక్క మనిషి లేడు. ఇంకో రాత్రి కూడా అలాగే ఆపాడు. ఆ కప్పు మాత్రం కూలలేదు. షిఫ్టు పని పోయింది, మాటలు పడ్డాడు. విచిత్రమేమిటంటే బాపు ఎక్కువగా చెప్పేది ఈ రెండో రాత్రి గురించే. ఎందుకని అడిగితే, "మొదటి దినం నా చెవి నిజం. రెండో దినం ఇన్నది చెవా, భయమా... ఇప్పటికీ నాకు ఎరుక లేదు" అంటాడు.

ఈ మాట గుర్తుంచుకోండి. సూర్యుడి దగ్గరికి పోయాక మళ్లీ పనికొస్తుంది.

12 కోట్ల ఏళ్ల కరెంటు

సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆయన ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీలు. దానిపైన పల్చటి వాతావరణం ఉంది, దాని పేరు కరోనా. రోగం కాదు లెండి, ఈ పేరు దానికి ఎప్పటినుంచో ఉంది. అక్కడి వేడి 10 లక్షల డిగ్రీల పైమాటే. సూర్యమచ్చల దగ్గర బలమైన అయస్కాంత క్షేత్రం విల్లులా పైకి లేచి, వంగి, మళ్లీ ఉపరితలంలోకి దిగుతుంది. వాటిని అయస్కాంత వలయాలు అందాం. ఒక్కో వలయం కింద మన భూమి లాంటివి ఒకటో రెండో సులువుగా పట్టేస్తాయి.

ఈ వలయాలు మెలితిరిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, తెగి, కొత్త తీరులో అతుక్కుంటాయి. అప్పుడు అందులో బిగబట్టి ఉన్న శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. అదే సౌరజ్వాల. ఎంత శక్తి? మన లెక్కలోనే చూద్దాం. రామగుండం ఎన్టీపీసీలోని పాత ఏడు యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. అవన్నీ ఒక్క నిమిషం ఆగకుండా పూర్తి సామర్థ్యంతో తిరిగాయనుకోండి. ఓ పెద్ద సౌరజ్వాలలో విడుదలయ్యే శక్తి తయారు కావడానికి వాటికి సుమారు 12 కోట్ల ఏళ్లు పడుతుంది! సూర్యుడికి నిమిషాలు, మహా అయితే గంటలు చాలు.

ఆ పేలుడులో ఎలక్ట్రాన్లు కాంతివేగంలో సగానికి దగ్గరగా, కొన్ని అంతకంటే ఎక్కువగా దూసుకుపోతాయి. అయస్కాంత రేఖల చుట్టూ గింగిరాలు కొడుతూ పోయే ఆ ఎలక్ట్రాన్లే మైక్రోవేవ్ తరంగాలను వెదజల్లుతాయి. మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్లోని తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. సూర్యజ్వాలలను పరిశీలించే శాస్త్రజ్ఞులు ఎక్కువగా 1,000 కోట్లు, 1,700 కోట్ల సార్లు ఊగే తరంగాలను వింటారు. జ్వాల పుట్టిన ఎనిమిది నిమిషాల చిల్లరకే అవి మన దగ్గరికి చేరతాయి.

శత్రువు అనుకుంటే సూర్యుడు!

సూర్యుడు రేడియోలో మాట్లాడతాడని మనిషికి తెలిసిందే యుద్ధకాలంలో. 1942 ఫిబ్రవరి 27, 28 తేదీల్లో బ్రిటన్ సైన్యం రాడార్లు ఉన్నట్టుండి హోరెత్తాయి. జర్మన్లు కొత్త ఎత్తు వేశారనుకున్నారు. జేమ్స్ హే అనే శాస్త్రజ్ఞుడు లెక్కలు తీస్తే, ఆ హోరు వచ్చే దిక్కు సూర్యుడితో పాటే కదులుతోందని తేలింది. అప్పుడు సూర్యుడి మీద ఓ పెద్ద మచ్చల గుంపు ఉంది. అదే ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన జార్జ్ సౌత్‌వర్త్, ప్రశాంతంగా ఉన్న సూర్యుడి నుంచి కూడా మైక్రోవేవ్ తరంగాలు వస్తున్నాయని పట్టుకున్నాడు.

లయ సంగతి బయటపడటానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1968 ఆగస్టు 8న ఓ జ్వాల లేచింది. దాని ఎక్స్‌కిరణాలూ మైక్రోవేవ్ తరంగాలూ రెండూ 16 సెకన్లకోసారి ఒకే తాళానికి ఎగసిపడ్డాయి. జార్జ్ పార్క్స్, జాన్ వింక్లర్ ఆ సంగతిని 1969లో ప్రచురించారు. రెండు వేర్వేరు రకాల కిరణాలు ఒకే తాళానికి ఆడాయంటే అది పరికరం చేసిన తప్పు కాదు, చెవి భ్రమ కాదు. బాపు కర్రతో కొట్టి వింటూనే అరచేతితోనూ అదురు పట్టుకున్నట్టు, రెండు సాక్ష్యాలన్నమాట.

జపాల్-రంగాపూర్ గుర్తుందా?

ఈ కథలో మనవాళ్లకూ చోటుంది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా పోతే జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు 1968లో వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ కర్ణాటక తీరంలోని కార్వార్ నుంచి ఒడిశాలోని పూరీ దాకా దేశాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయింది. జపాల్-రంగాపూర్ ఆ దారిలోనే ఉంది. అక్కడ 10 గిగాహెర్ట్‌జ్ దగ్గర, అంటే సెకనుకు 1,000 కోట్ల ఊపుల దగ్గర, సూర్యుణ్ని వినే రేడియో టెలిస్కోపు ఏర్పాటు చేశారు. మన ఇంటి డిష్ పట్టుకునే తరంగాలకు ఇవి దగ్గరి చుట్టాలే.

గ్రహణంతో రేడియోకు పనేమిటంటారా? ఒక్క డిష్‌కు సూర్యుడంతా కలిసి ఒకే హోరుగా వినిపిస్తాడు. ఏ మచ్చ దగ్గర నుంచి ఎంత వస్తోందో తెలీదు. గ్రహణం రోజున చంద్రుడు ఒక్కో మచ్చనూ వరసగా కప్పుతూ పోతాడు. హోరు ఎప్పుడు ఎంత తగ్గిందో రాసుకుంటే, ఏ చోటి గొంతు ఎంతో తెలిసిపోతుంది. చంద్రుడే తడిక అడ్డం పెట్టినట్టు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఎనిమిదేళ్లు నాకు. మా దగ్గర గ్రహణం సంపూర్ణం కాదు, పాక్షికమే. అయినా వీధిలో పిట్ట కూడా లేదు. అమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టింది. బాపు మాత్రం రెండో షిఫ్టుకు తయారయ్యాడు. పోవద్దని అమ్మ ఏడిస్తే, "గ్రహణం నీడ పడనిది ఒక్క బాయిలనేనే" అని నవ్వుతూ పోయాడు. మేమంతా తలుపులు వేసుకుని సూర్యుడికి భయపడుతున్నప్పుడు, అదే రాష్ట్రంలో ఇంకో చోట కొందరు చెవి ఒగ్గి ఆయన చెప్పేది వింటున్నారని తర్వాతెప్పుడో చదువుకున్నాక తెలిసింది.

ఊపిరి పీల్చే వలయం

ఇంతకీ ఆ లయ ఎందుకొస్తుంది? జపాన్‌లోని నొబెయామాలో 1992 నుంచి 2020 దాకా ఓ చక్కటి ఏర్పాటు పనిచేసింది. మన ఇంటి డిష్‌ల కంటే కాస్త పెద్దవి, 80 సెంటీమీటర్ల గిన్నెలు 84 వరసగా పెట్టి, అన్నీ కలిపి ఒకే పెద్ద చెవిగా వాడారు. దాంతో హోరు వినడమే కాదు, అది సూర్యుడి మీద ఎక్కడి నుంచి వస్తోందో బొమ్మ గీయడం కూడా కుదిరింది.

2000 జనవరి 12న వచ్చిన జ్వాలలో నొబెయామా ఓ వలయాన్ని చూసింది. పొడవు దాదాపు 25,000 కిలోమీటర్లు. దాని మైక్రోవేవ్ వెలుగు 14 నుంచి 17 సెకన్లకోసారి పెరిగి తగ్గుతోంది. దాంతోపాటు 8 నుంచి 11 సెకన్ల ఇంకో చిన్న లయ కూడా ఉంది. నకర్యాకోవ్, మెల్నికోవ్, రెజ్నికోవా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 2003లో దీనికో వివరణ ఇచ్చారు. ఆ వలయం మొత్తం ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతోంది, సన్నబడుతోంది. సన్నబడినప్పుడు అయస్కాంత బలం పెరుగుతుంది. ఉబ్బినప్పుడు తగ్గుతుంది. దాంతో ఎలక్ట్రాన్ల మైక్రోవేవ్ గొంతు కూడా ఎక్కువా తక్కువా అవుతుంది.

ఇంకో రకం ఊపు కూడా ఉంది. దండెం తాడును మధ్యలో పట్టి లాగి వదిలితే అటూ ఇటూ ఊగినట్టు. 1998 జులై 14న ఓ జ్వాల తాకిడికి పక్కనున్న వలయం అలా ఊగడాన్ని ట్రేస్ అనే ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చూసింది. నాలుగు నిమిషాల చిల్లరకు ఒక ఊపు. ఆ ఊపును బట్టి వలయంలోని అయస్కాంత బలం లెక్కిస్తే సుమారు 13 గాస్‌లని తేలింది. మన ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతానికి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది! కాకపోతే అది ఆవరించిన చోటు మాత్రం భూమిని మించినది.

అక్కడికి పోయి కొలిచే పరికరం లేదు. అయినా లెక్క తెలిసింది. ఎలా? తీగ పొడవు తెలుసు, మోగే తీరు తెలుసు, కాబట్టి బిగువు తెలిసింది. బాపు కర్రకూ దీనికీ తేడా దూరంలోనే.

చెవా, భయమా?

ఇక్కడే బాపు చెప్పిన రెండో రాత్రి గుర్తుకు తెచ్చుకోవాలి. లయ వినిపించిన ప్రతిసారీ వలయం ఊగిందనే చెప్పలేం. కుళాయిని సన్నగా తిప్పి వదిలేయండి. లోపల నీళ్లు ఒకే తీరుగా వస్తుంటాయి, బయట మాత్రం టప్ టప్‌మని చుక్కలు లెక్కగా పడతాయి. అలాగే అయస్కాంత రేఖలు తెగి అతుక్కోవడమే విడతలు విడతలుగా జరుగుతుండవచ్చు. అప్పుడు ఊగేది వలయం కాదు, పేలుడే దఫాలుగా జరుగుతోందన్నమాట. ఇలా పదికి పైగా వివరణలున్నాయి. ఏ జ్వాలకు ఏది సరిపోతుందన్న వాదన నేటికీ తెగలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అసలు లయ లేని చోట కూడా మనిషికి లయ వినిపిస్తుంది. రైలు చప్పుడులో పాట వినిపించినట్టు. సౌరజ్వాల హోరు సహజంగానే ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ ఎగుడుదిగుడుల్లో నాలుగు ఎగుళ్లు సమాన దూరంలో కనబడితే చాలు, తాళం దొరికిందని కళ్లు మోసపోతాయి. అందుకే ఇప్పుడు శాస్త్రజ్ఞులు అది ఉత్త హోరు కాదని లెక్కల్లో తేలాకే లయ అని ఒప్పుకుంటున్నారు. వీలైతే మైక్రోవేవ్‌లోనూ ఎక్స్‌కిరణాల్లోనూ ఒకే తాళం ఉందా అని సరిచూస్తున్నారు. ఒక్క దెబ్బకు నమ్మద్దన్నది వాళ్ల సూత్రం కూడా.

ఈ సరిచూడటంలో మన దేశానికీ ఇప్పుడో సొంత చెయ్యి ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన చోటికి 2024 జనవరి 6న చేరింది. అందులోని సోలెక్స్, హీలియోస్ పరికరాలు జ్వాలల ఎక్స్‌కిరణాలను క్షణక్షణం నమోదు చేస్తాయి. భూమి మీది డిష్‌లు మైక్రోవేవ్ వింటుంటే, పైనుంచి అది అరచేయి ఆనించినట్టు.

మనకేం పోతుంది?

సూర్యుడు ఊగితే మనకేమిటని అనుకోవద్దు. 2006 డిసెంబరు 6న ఓ జ్వాల నుంచి వచ్చిన రేడియో హోరు ఎంత పెద్దదంటే, పగలున్న వైపు భూమి మీద ఎన్నో జీపీఎస్ రిసీవర్లు ఉపగ్రహాల జాడ తప్పాయి. 2015 నవంబరు 4న స్వీడన్‌లో విమానాలను చూసే రాడార్లు సూర్యుడి రేడియో పేలుడుకు కంగారుపడ్డాయి. ఆకాశంలో రాకపోకలు ఆపాల్సి వచ్చింది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో సౌరతుఫాను తాకిడికి గ్రిడ్ నిమిషంన్నరలో కుప్పకూలి 60 లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చీకట్లో గడిపారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కనుక మన గ్రిడ్‌కు ఆ ముప్పు తక్కువ. కానీ ఫోన్లో దారి చూపే జీపీఎస్, విమానాల రేడియో అందరివీ.

లయ వింటే తర్వాతి జ్వాల ఎప్పుడో చెప్పవచ్చా? ఇప్పటికైతే చెప్పలేరు. ఈ లయ ఎక్కువగా పేలుడు మొదలయ్యాకే వినిపిస్తుంది. కానీ శక్తి ఎక్కడ, ఎంత బిగువులో దాగి ఉందో, ఎలా బయటికి వస్తోందో తెలియకుండా ముందస్తు కబురు ఎప్పటికీ సాధ్యం కాదు. ఆ తెలుసుకోవడానికి చేతిలో ఉన్న కర్ర ఇదే.

ఇదంతా ఇంట్లో చెబితే అమ్మ, "మరి నా సీరియల్ సంగతేంది?" అంది. బాపు మాత్రం లేచి పాత షిఫ్టు డైరీ వెతికి తెచ్చాడు. బొమ్మ పోయిన టైము, వచ్చిన టైము రాయడం మొదలుపెట్టాడు. మీ ఇంట్లో పిల్లలుంటే మీరూ చేయించండి. రెండు వారాలు చాలు. బొమ్మ పోయే సమయం రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరిగి, ఓ రోజు అత్యధికమై, మళ్లీ తగ్గుతుంది. ఆ అత్యధికమైన రోజున సూర్యుడు మీ ఉపగ్రహం వెనకాల నడిమధ్యన ఉన్నట్టు. పెన్నూ కాగితంతో ఇంట్లో కూర్చుని చేసే రేడియో ఖగోళశాస్త్రం ఇది.

బాపు డైరీలో మొదటిరోజు లెక్క పక్కన చిన్నగా ఓ మాట రాసుంది: "రేపు మల్ల చూడాలె."